నీళ్ల వెంట పట్నం చూసుడు

సెమిస్టర్ పరీక్షలు అయిపోయి, చలి ముదిరేసరికి హాస్టల్‌లో ఒక్కటే ముచ్చట: "పట్నం పోదామా?" మా నారాయణపేట దిక్కు పట్నం అంటే హైదరాబాదే. వేరే పట్నం లేదు. పోతారు, చార్మినార్ ముందు ఫొటో దిగుతారు, బిర్యానీ తింటారు, ట్యాంక్‌బండ్ మీద ఐస్‌క్రీమ్, ఒక మాల్, రాత్రి బస్సుకు వాపస్. తప్పేం లేదు. కానీ తిరిగొచ్చాక "ఏం చూసినవ్‌రా?" అని అడిగితే నాలుగు పేర్లు తప్ప చెప్పడానికి ఏమీ ఉండదు. పోయినసారి మన పత్రికకు వచ్చిన యాత్రావ్యాసాలు కూడా దాదాపు అట్లనే ఉన్నాయి. అందుకే ఈ పాఠం. సగం పట్నం చూడటం గురించి, సగం దాన్ని రాయడం గురించి.

పద్ధతి చాలా చిన్నది. ఎక్కడ నిలబడినా రెండే ప్రశ్నలు వేసుకోవాలి. ఇక్కడికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? ఇక్కడి నుంచి ఎక్కడికి పోతున్నాయి? ఈ రెండూ పట్టుకుని రెండు రోజులు తిరిగితే హైదరాబాద్ వేరే ఊరులా కనిపిస్తుంది. సివిల్ వాళ్లకే కాదు, కంప్యూటర్స్ వాళ్లకు కూడా.

ఇది కొత్త పద్ధతేం కాదు. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయలుదేరాడు. ఆయన సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్ ఉద్యోగి. శ్రీశైలం చూసుకుని, కృష్ణ దాటి, వనపర్తి, జడ్చర్ల, షంషాబాద్ మీదుగా, అంటే మన పాలమూరు నేల మీదుగానే, హైదరాబాద్ చేరాడు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' చదివితే దేవాలయాల కంటే ముందు కంటికి తగిలేది ఇంకొకటి: ప్రతి మజిలీలో నీళ్లు దొరుకుతాయా, దుకాణాలున్నాయా, దిగడానికి చోటుందా అని రాసుకుంటూ పోయాడు. దాదాపు రెండు వందల ఏండ్లు గడిచినా ఆ పుస్తకం పనికొస్తోందంటే కారణం ఆ చిన్న చిన్న సంగతులే. "అద్భుతంగా ఉంది" అన్న మాట పాతబడిపోతుంది. "బావిలో నీళ్లున్నాయి" అన్న మాట పాతబడదు.

సరే, బస్సు ఎక్కుదాం. నారాయణపేట నుంచి మరికల్, దేవరకద్ర, మహబూబ్‌నగర్, జడ్చర్ల, షాద్‌నగర్, షంషాబాద్. నాలుగు గంటలు అటూ ఇటూ. అందరూ నిద్రపోయేది షాద్‌నగర్ దాటాకనే. నిద్రపోవద్దు. ఆరాంఘర్ దాటి బహదూర్‌పురా వైపు తిరిగాక జూపార్క్ వస్తుంది. దాని వెనకాలే ఉంది మీర్ ఆలం చెరువు. మన కాలేజీ నుంచి ఏటా ఎంతోమంది జూకు పోయి పులిని చూసి వస్తారు, ఆ కట్టను మాత్రం చూడరు. నా లెక్కలో ఆ మొత్తం జూలో పులికన్నా పెద్ద జంతువు ఆ కట్టే.

1806లో పూర్తయింది. నిజాం దగ్గర దివాన్‌గా ఉన్న మీర్ ఆలం పేరు పెట్టారు. అడ్డంగా ఒక గోడ కట్టి ఊరుకోలేదు. 21 అర్ధవృత్తాకార ఆర్చీలను పక్కపక్కన నిలబెట్టారు, ఉబ్బెత్తు వైపు నీళ్లకు ఎదురుగా. ఎందుకో ఫ్లూయిడ్ మెకానిక్స్ మొదటి యూనిట్ గుర్తు తెచ్చుకుంటే చాలు. 12 మీటర్ల లోతున నీటి ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 12 టన్నులు. సున్నం, రాయి కలిపి కట్టిన గోడ లాగితే పగులుతుంది, నొక్కితే మాత్రం మస్తు బలంగా నిలబడుతుంది. గుండ్రంగా తిప్పితే నీళ్లు ఎంత నొక్కితే రాళ్లు ఒకదాన్నొకటి అంత గట్టిగా పట్టుకుంటాయి. శత్రువు బలాన్నే తన బలంగా మార్చుకునే ఉపాయం. సిమెంట్ లేదు, ఇనుము లేదు. అయినా రెండు శతాబ్దాలు దాటి నిలబడింది. బహుళ ఆర్చీల ఆనకట్టల్లో ప్రపంచంలోనే తొలి తరానిది. (జూకు సోమవారం సెలవు. గుర్తుంచుకోండి.)

ఇంక బస్సు ఇమ్లీబన్‌లో, అంటే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దింపుతుంది. దిగగానే అందరూ ఆటో కోసం పరుగెత్తుతారు. రెండు నిమిషాలు ఆగి, స్టేషన్‌లోకి వచ్చే వంతెన మీద నిలబడి కిందికి చూడండి. మీరు దిగింది నది మధ్యలో. మూసీ రెండు పాయలుగా చీలిన చోట ఉన్న దిబ్బ మీద కట్టారు ఆ బస్‌స్టేషన్‌ను. మామూలు రోజుల్లో కింద నల్లటి నీళ్లు, వాసన. ముక్కు మూసుకుని "ఇదేం నది" అనుకుంటాం. 2025 సెప్టెంబర్ చివర్లో ఎగువన జంట జలాశయాల గేట్లు ఎత్తితే ఆ నది స్టేషన్‌లోకి వచ్చేసింది. రాత్రివేళ ప్రయాణికులు చిక్కుకుపోతే తాళ్లు కట్టి బయటికి తెచ్చారు. మన పాలమూరు బస్సులు ఊరి బయటే ఆగిపోయాయి. నది తన అడ్రస్ మర్చిపోదు, మనమే మర్చిపోతాం.

ఇక్కడి నుంచి నడక. ఇదే ఈ యాత్రలో అసలు భాగం, ఇక్కడ తొందరపడొద్దు.

అఫ్జల్‌గంజ్ వైపు వచ్చి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. అడిగితే చూపిస్తారు. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వరద వచ్చినప్పుడు దాదాపు 150 మంది ఆ చెట్టు ఎక్కి బతికారు. ఆ రోజు చనిపోయినవాళ్ల సంఖ్య సాధారణంగా 15,000 అని చెబుతారు, ఇంకా ఎక్కువ చెప్పేవాళ్లూ ఉన్నారు. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. దెబ్బతిన్నా నిలిచింది పురానాపూల్. దాని సంగతి ఇంకాసేపట్లో.

వాన పడింది, నది పొంగింది, జనం పోయారు. కథ అంతేనా? కాదు. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన వరదను చూసి ఊరుకోలేదు, వరదకు ఎగువన ఏముందో చూశాడు. మూసీ పరీవాహకంలో 788 చెరువులు ఉన్నాయి, వాటిలో 221 తెగిపోయాయి అని తేల్చాడు. మనకు గొలుసుకట్టు చెరువుల గురించి తెలుసు గదా: పై చెరువు అలుగు పోస్తే కింది చెరువుకు నీళ్లు. కరువు కాలంలో అది వరం. కానీ ఒక కట్ట తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారి కింది చెరువు మీద పడతాయి. అది తట్టుకోలేక తెగుతుంది. రెండూ కలిసి మూడోదాని మీద. ఎలక్ట్రికల్ వాళ్లు దీన్నే గ్రిడ్‌లో చూస్తారు, ఒక లైన్ ట్రిప్ అయితే ఆ లోడ్ పక్క లైన్ మీద పడి అదీ ట్రిప్ అవుతుంది. హైదరాబాద్‌ను ముంచింది ఒక్క వాన కాదు, ఒకదాని వెనక ఒకటి తెగిన కట్టలు.

విశ్వేశ్వరయ్య చెప్పిన మందు: ఊరికి ఎగువన రెండు పెద్ద జలాశయాలు కట్టండి, వరద వచ్చినప్పుడు ఆపి మెల్లగా వదలండి. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద కోసం కట్టినవే ఊరికి తాగునీళ్లు కూడా ఇచ్చాయి. ఒకటి 3.9 టీఎంసీ, ఇంకొకటి 2.97. వాటిలోకి నీళ్లు వచ్చే దారులు మూసుకుపోకుండా 1996లో జీవో 111 తెచ్చి 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెట్టారు. 2022లో ఆ హద్దులు సడలిస్తూ ఇంకో జీవో వచ్చింది. దాని మీద వాదనలు ఉన్నాయి. నా అభిప్రాయం మాత్రం ఆ చింతచెట్టు కింద నిలబడి చెబుతా: ఎగువన ఖాళీగా ఉన్న నేలను ఖాళీ ప్లాటు అని అనుకోవడం ప్రమాదం.

నయాపూల్ దాటుతుంటే కుడివైపు హైకోర్టు, వెనక్కి తిరిగితే ఉస్మానియా ఆసుపత్రి. ఎదురెదురు ఒడ్ల మీద రెండు పెద్ద గుమ్మటాల భవనాలు. రెండూ వరద తరువాత నది ఒడ్డును మళ్లీ తీర్చిదిద్దిన కాలానివే. కిందికి చూస్తే ఇంకో కథ. చాదర్‌ఘాట్ వైపు నది గర్భంలోనే ఇండ్లు ఉండేవి. 2024 చివర్లో మూసీ సుందరీకరణ కోసం ఆ ఇండ్లకు ఎర్ర రంగుతో గుర్తులు వేసి, కొన్నింటిని ఖాళీ చేయించి కూల్చారు. అక్కడ ఉండేవాళ్లు కూలీలు, ఆటోవాళ్లు, ఇండ్లల్లో పనిచేసే ఆడవాళ్లు. వాళ్లకు వేరేచోట డబుల్ బెడ్‌రూం ఇండ్లు ఇస్తామన్నారు. నది గర్భంలో ఉండటం ప్రాణానికి ముప్పు, నిజం. పని దొరికే అడ్డాకు పది పదిహేను కిలోమీటర్ల దూరం పోతే బతుకుకు ముప్పు, అదీ నిజం. మీ వ్యాసంలో రెండూ రాయండి. ఒకటి రాసి రెండోది వదిలేస్తే అది యాత్రావ్యాసం కాదు, కరపత్రం.

సాలార్‌జంగ్ మ్యూజియం అక్కడే, నది దక్షిణపు ఒడ్డున. 1951లో ప్రారంభమైంది, ఇప్పటి భవనంలోకి 1968లో మారింది. శుక్రవారం సెలవు. గంటల గడియారం దగ్గర జనం గుంపు కడతారు, మీరూ కట్టండి. ముసుగు రెబెక్కా బొమ్మ దగ్గర మాత్రం కొంచెంసేపు ఒంటరిగా నిలబడండి. పాలరాయిని పలుచని బట్టలా చెక్కడం ఎట్ల సాధ్యమో అన్న ప్రశ్న మెకానికల్ వాళ్లకు నిద్ర పట్టనివ్వదు.

చార్మినార్ గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, 1591, మహమ్మద్ కులీ కుతుబ్‌షా. ఫొటో దిగండి. కానీ దిగే ముందు మదీనా వైపు నుంచి నడిచి వస్తూ గుల్జార్‌హౌజ్ దగ్గర ఆగండి. నాలుగు కమాన్ల మధ్య ఒక ఫౌంటెన్ ఉంది. ట్రాఫిక్‌లో ఎవరూ దాన్ని పట్టించుకోరు. ఊరు ప్లాన్ గీసినవాళ్లు ఊరి నడిబొడ్డున నీళ్లు పెట్టారు.

ఇంక పురానాపూల్. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించాడు, 22 ఆర్చీలు. సంవత్సరాలు పక్కపక్కన రాసుకోండి: వంతెన 1578, చార్మినార్ 1591. అంటే ఊరికంటే వంతెన 13 ఏండ్లు పెద్దది! గోల్కొండ ఒక ఒడ్డున ఉంది, ఊరు ఇంకా పుట్టలేదు, దాటడానికి వంతెన మాత్రం సిద్ధంగా ఉంది. మనం రోడ్డు వేస్తే ప్లాట్లు వస్తాయి అంటాం గదా, ఆ సూత్రం నాలుగు వందల ఏండ్ల కిందటిదే.

రెండో రోజు పొద్దున గోల్కొండ. డిసెంబర్, జనవరి నెలల్లో పోవడమే మంచిది. ఏప్రిల్‌లో ఆ రాళ్ల మీద నడిస్తే చెప్పులు కరుగుతాయి. కింద ఫతే దర్వాజా దగ్గర గైడ్ చప్పట్లు కొడతాడు, పైన బాలా హిసార్‌లో వినిపిస్తుంది. అందరూ ఆ చప్పట్ల దగ్గరే ఆగిపోతారు. మీరు గోడల వెంట చూస్తూ ఎక్కండి. మట్టి గొట్టాలు కనిపిస్తాయి. కింద నుంచి గుట్ట మీదికి నీళ్లు అంచెలంచెలుగా ఎక్కించేవారు. ఎద్దులతో తిరిగే మోటచక్రాలతో ఒక తొట్టి నుంచి పై తొట్టికి, అక్కడి నుంచి గొట్టాల్లో ఇంకో చోటికి. కోటకు దుర్గం చెరువు నుంచి నీళ్లు వచ్చేవని చెబుతారు. ఆ చెరువు మీద ఇప్పుడు కేబుల్ బ్రిడ్జి, దాని మీద మన సెల్ఫీలు.

ఒక చిన్న లెక్క. గుట్ట దాదాపు 120 మీటర్ల ఎత్తు. వెయ్యి లీటర్ల నీళ్లు అంత ఎత్తుకు ఎక్కించాలంటే 1000 × 9.8 × 120, అంటే సుమారు 11.8 లక్షల జౌల్స్. మన కరెంటు బిల్లు భాషలో ఒక యూనిట్‌లో మూడో వంతు. ఒక జత ఎద్దులు అర కిలోవాట్ ఇస్తాయనుకుంటే, ఏ నష్టమూ లేకపోతే, 40 నిమిషాలు. రాజుగారి స్నానం వెనుక ఎన్ని ఎద్దులు, ఎందరు మనుషులు తిరిగారో ఊహించుకోండి. ఈ లెక్కను నోట్‌బుక్‌లో ఒక మూలన ఉంచండి, మళ్లీ కావాలి.

సాయంత్రం ట్యాంక్‌బండ్. హుస్సేన్‌సాగర్ 1563 నాటిది, హుస్సేన్ షా వలీ దగ్గరుండి కట్టించాడు, మూసీ నుంచి కాలువ తవ్వి నింపారు. ఒకప్పుడు తాగునీటి చెరువు. ఇప్పుడు అందులోకి కూకట్‌పల్లి నాలా ఏం తెస్తుందో ముక్కే చెబుతుంది. మధ్యలో బుద్ధుడు. ఆ రాయి మన పక్క జిల్లాది: అప్పటి నల్గొండ జిల్లా, భువనగిరి దగ్గర రాయగిరి గుట్ట. గణపతి స్థపతి ఆధ్వర్యంలో ఒకే రాయిలో చెక్కారు, 18 మీటర్ల ఎత్తు, వందల టన్నుల బరువు. 1990 మార్చి 10న బార్జి మీద దీవికి తీసుకుపోతుంటే బార్జి ఒరిగి విగ్రహం నీళ్లలో పడింది. పనిచేస్తున్నవాళ్లు కొందరు చనిపోయారు. విగ్రహం రెండున్నర ఏండ్లు నీళ్ల అడుగున పడుకుని, 1992 డిసెంబర్‌లో లేచి నిలబడింది. తేలే వస్తువుల స్థిరత్వం, మెటాసెంటర్ అని మనం పరీక్ష కోసం బట్టీ పట్టే పాఠం ఉంది చూడండి, దాని ఖరీదు అక్కడ నీళ్లలో ఉంది. పడవ ఎక్కి బుద్ధుడి దగ్గరికి పోయినప్పుడు ఆ చనిపోయినవాళ్లను కూడా ఒకసారి తలచుకోండి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ట్యాంక్‌బండ్ దగ్గర హోటల్‌లో కూర్చుని గ్లాసు మంచినీళ్లు తాగుతారు గదా, అవి ఎక్కడివి? హుస్సేన్‌సాగర్‌వి కావు, మూసీవి కావు. మంజీరావి కావచ్చు, గోదావరివి కావచ్చు, చాలావరకు కృష్ణవి. కృష్ణా నీళ్లు నగరానికి మూడు దశల్లో వచ్చాయి: 2004, 2008, 2015. ఒక్కో దశ 90 ఎంజీడీ, మొత్తం 270. నాగార్జునసాగర్ నీళ్లను నల్గొండ జిల్లాలో ఎత్తి, అక్కంపల్లిలో నిలబెట్టి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో తెస్తారు. ఆ పైపులు దాటి వచ్చిన నేల ఫ్లోరైడ్ నేల. ఎముకలు వంగిపోయిన మనుషుల ఊళ్ల మీదుగా మంచినీళ్లు పట్నానికి పోయాయి. ఆ ఊళ్లకు నల్లా చేరడానికి ఎంతో పోరాటం, ఎన్నో ఏండ్లు పట్టింది.

గోల్కొండ లెక్క తియ్యండి. సాగర్ నిండినప్పుడు నీటిమట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. హైదరాబాద్ సగటున 540 మీటర్ల ఎత్తులో ఉంది. తేడా 360. వెయ్యి లీటర్లకు దాదాపు ఒక యూనిట్, పైపు రాపిడి, పంపు నష్టం లెక్కలోకి తీసుకోకుండానే. 270 ఎంజీడీ అంటే రోజుకు 12 లక్షల కిలోలీటర్లు. కనీసం 12 లక్షల యూనిట్లు, ప్రతి రోజూ. పట్నం నీళ్లను నిలబెట్టుకున్న ఊరు కాదు, నీళ్లను లాక్కునే ఊరు అయింది.

ఈ కృష్ణ తెలంగాణలోకి ఎక్కడ అడుగుపెడుతుందో తెలుసా? మా నారాయణపేట జిల్లాలోనే. కృష్ణా మండలం, తంగిడి దగ్గర. భీమా వచ్చి కలిసేది అక్కడే. అక్కడి నుంచి జూరాల, శ్రీశైలం, సాగర్, పైపు, మీ గ్లాసు. నది గుమ్మంలోకి వచ్చేది మా దగ్గర, మా చేన్లు మాత్రం మొగులు దిక్కు చూస్తాయి. అందుకే మా ఊళ్ల నుంచి మనుషులు పుణె, ముంబై, పట్నం పోయారు. "పాలమూరు లేబర్" అన్న పేరు దేశంలో ఎన్నో డ్యాముల దగ్గర వినిపించింది. ఇతరుల నీళ్లకు కట్టలు పోసినవాళ్లు మనోళ్లు. నారాయణపేట-కొడంగల్ ఎత్తిపోతల పథకానికి 2014లో జీవో 69 వచ్చింది, శంకుస్థాపన 2024 ఫిబ్రవరిలో కోస్గిలో జరిగింది. మధ్యలో పదేండ్లు. జూరాల పూర్తి మట్టం 318.5 మీటర్లు. మీ ఊరి ఎత్తు ఎంతో ఫోన్‌లో చూసుకుని మీ చేనుకు వెయ్యి లీటర్లు ఎక్కించడానికి ఎన్ని యూనిట్లో మీరే లెక్క కట్టండి. పట్నానికి ఎక్కించే 360 మీటర్ల పక్కన ఆ అంకె పెట్టి చూడండి. "సాధ్యం కాదు" అని ఇన్నాళ్లు చెప్పిన మాట విలువెంతో తెలుస్తుంది.

జనవరిలో పోతే ఆఖరి మజిలీ నాంపల్లి నుమాయిష్. 1938లో మొదలైంది, ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా. మెట్రోలో గాంధీభవన్ స్టేషన్ దిగితే పక్కనే. మిర్చి బజ్జీ, జెయింట్ వీల్ మీకు ఎట్లా తెలుసు. చేనేత స్టాళ్లలో "నారాయణపేట" అని బోర్డు కనిపిస్తే చీర తిరగేసి చూడండి. గళ్లు, గుడి అంచు ఉన్నంత మాత్రాన మగ్గం చీర కాదు. అంచు కలిసే చోట వెనక వైపు నేత ఎట్లుందో చూడాలి. మగ్గం మీద చెయ్యి మారిన గుర్తు కొంచెమైనా ఉంటుంది, మరమగ్గం మీద ఒక్క తీరుగా ఉంటుంది. మా దగ్గర పట్టు చీరలకు ఒక్క పడుగు మీద ఎనిమిది చీరలు నేస్తారు, 56 గజాల పడుగు. ధర బేరమాడేటప్పుడు ఆ 56 గజాలు గుర్తుంటే మంచిది.

రాసేటప్పుడు ఒక మాట. ప్రతి చోటా ఒక అంకె, ఒక వాసన, ఒక మనిషి చెప్పిన మాట, ఈ మూడు అక్కడికక్కడే రాసుకోండి. రూముకొచ్చాక రాద్దాం అంటే అన్నీ కలిసి "చాలా బాగుంది" అయిపోతుంది. పేర్లు స్థానికులు పలికినట్టే రాయండి, ఇమ్లీబన్‌ను ఎంజీబీఎస్ చేస్తే అందులోని చింతచెట్టు పోతుంది.

మూడో రోజు దొరికితే మిర్యాలగూడ మీదుగా వాడపల్లి పోవచ్చు. అనంతగిరి గుట్టల్లో పుట్టి, పట్నం మురికి అంతా మోసుకుని మూసీ కృష్ణలో కలిసేది అక్కడ. సంగమం మీద శివాలయం ఉంది. తంగిడి దగ్గర వచ్చిన నీళ్లూ, పట్నం వాడి వదిలేసిన నీళ్లూ ఒకే రేవులో కనిపిస్తాయి. ఈ ఫిబ్రవరి సంచికకు దాని మీద ఎవరైనా రాస్తే నాలుగు పేజీలు ఖాళీగా ఉంచుతాం.